దూలం గాల్లో ఉందమ్మా

పాత వంతెన తీసేసి కొత్తది వేస్తున్నారు. క్రేన్ ఇనుప దూలాన్ని పైకెత్తగానే, మిగిలిన ఒక్క వరుస రోడ్డునూ మూసి ట్రాఫిక్ హెడ్ కానిస్టేబుల్ అడ్డుకర్ర దించాడు. ఆగిన బండ్లను తప్పించుకుంటూ ఒక స్కూటర్ అతని ముందుకొచ్చింది. నడుపుతున్నది బ్లడ్ బ్యాంకులో పనిచేసే అతని కూతురే. కాళ్ల దగ్గర ఐసు పెట్టె ఉంది.

“నాన్నా, కర్ర ఎత్తు! అవతల ఆసుపత్రిలో బాలింతకి రక్తస్రావం ఆగట్లేదు.”

“దూలం గాల్లో ఉందమ్మా. ఇరవై నిమిషాలు ఎవర్నీ వదలకూడదు.”

“ఆవిడకి అంత టైము లేదు. అర నిమిషంలో దాటేస్తాను.”

“ఆ అర నిమిషంలోనే తాడు తెగితే?”

“నీ కూతుర్ని కాబట్టి ఆపుతున్నావా?”

“కాకపోయినా ఆపేవాణ్ణే. అరవకుండా విను. స్కూటర్ ఇక్కడ పడెయ్. క్రేనుకి దూరంగా, అదిగో, కూలీల కోసం వేసిన నడకదారి ఉంది. పెట్టె పట్టుకుని పరిగెత్తు. అవతల మా కానిస్టేబుల్ బైకు తీసి ఉంచుతాడు.”

“ఈ మాట ముందే చెప్పొచ్చుగా!”

“చెప్పనిచ్చావా? వెళ్లు!”

అవతలివాడికి వైర్‌లెస్‌లో చెబుతున్నంతసేపూ అతని చూపు నడకదారి మీదే ఉంది. ఆమె అవతలి గట్టు చేరింది. చాలాసేపటికి దూలం దిగి కూర్చుంది. అప్పుడు ఫోన్ మోగింది.

“నాన్నా, రక్తం టైముకి అందింది. గండం గడిచిందన్నారు.”

“అమ్మయ్య!” అంటూ అతను దించిన అడ్డుకర్రకే ఆనుకున్నాడు.

“నాన్నా? ఆ హారన్ల గోలేంటి?”

“అయ్యో, కర్ర ఎత్తడం మర్చిపోయానే!”