సరిమన్ పాలు

పసుపు కొమ్ములు నూరాలి, నానబెట్టిన బియ్యాన్ని కచ్చూరాలతో కలిపి దంచాలి, చింతపండు పిసకాలి, అన్నీ వడగట్టి సీసాల్లో పోయాలి. డచ్చి దొరల నాటి సెమరాంగ్ పట్నంలో కషాయాలమ్మే ముసలామె ఆ పనులన్నీ తెల్లారకముందే ముగించి, బుట్ట వీపున కట్టుకుని బయల్దేరింది. ముందుగా, ఆ వారమే బిడ్డను పోగొట్టుకున్న చాకలామె గడప దగ్గర ఆగింది.

“తీసుకో అమ్మాయ్. పాలు ఇంకిపోయే మందు. ముక్కు మూసుకుని తాగెయ్యి.”

“అది వద్దు పెద్దమ్మా. పాలు పడే మందివ్వు.”

“ఎవరికే? అప్పుడే దొరసాని ఇంట్లో దాదిగా కుదిరావా?”

“కాదు. తుకినా కూతురికి. లోపల ఏడుస్తోంది, వినపడలా?”

“మొన్న పురిట్లో పోయిన తుకినా కూతురికా? ఆ తుకినా రేవులో బండ కోసం నీ జుట్టు పట్టుకుంది కదే!”

“దాని జుట్టు నేనూ పట్టుకున్నాలే. ఆ తగాదా పసిదానికేం తెలుసు?”

“పాలిచ్చినప్పుడల్లా పోయిన నీ కొడుకు గుర్తొస్తాడు. ఆలోచించుకో తల్లీ.”

“ఇవ్వకపోతే గుర్తు రాడా?”

ముసలామె సీసా మార్చింది.

“ఇదీ చేదే. ఆనక తియ్యటిది పోస్తాలే. నీ వాడికి పేరు పెట్టారా?”

“పెట్టాం. సరిమన్.”

లోపల ఏడ్చిన ఆ పసిది మా అమ్మ. పెంచినామెతో పాటు రేవులో బట్టలుతికి, నన్ను బి.ఏ. దాకా చదివించింది. ఆమె తాగి పెరిగిన పాలు అసలు సరిమన్‌వి. మీరు కూడా ఆ పసివాణ్ణి ఒకసారి తలుచుకోండి.