ఇంటిదాని పేరు

బస్తరు సంస్థానపు కచేరీ అరుగు మీద, రంగూన్ ప్రయాణానికి అనుమతి కాగితం కోసం మద్దేడు నుంచి నడిచొచ్చిన ఒకామె, అక్కడున్న పెనిమిటి రాసిన జాబును మున్షీ చేత ఇంగ్లీషులోకి మార్పించుకుంటోంది.

"‘మా ఇంటిదాన్ని ఓడ ఎక్కించండి’ అని రాసిండు. అంతే ఉన్నదమ్మా."

"ఇంటిదంటే నేనే గదయ్యా."

"నాకు తెలుసు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషుల పెడితే దొర ఇంటి సామాననుకుంటడు. కాగితం సామానుకిస్తడు, నీకియ్యడు."

"అయితే ఉప్పలమ్మ అని నా పేరు కలుపుండ్రి."

"జాబుల లేని మాట నేను కలపరాదు. ఆయనే రాయాలె."

"పదేండ్ల కాపురంల నన్ను పేరు పెట్టి పిలువలే. ఆయనకు సిగ్గు."

"సిగ్గుపడితే సముద్రం దాటుడు కాదమ్మా."

"నిజమే. నా పేరు పెట్టి ఇంకో జాబు పంపమని రాయుండ్రి. మొగోనికి అంత సిగ్గేందని కూడా రాయుండ్రి."

"రాస్త. ఆయన పేరేంది? కొంగుముడిల నాని, కింద సంతకం చెరిగిపోయింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పమ్మా."

"ముందు రాముడు... ఆయనెనక నర్సింహసామి."

"రామనర్సయ్యనా?"

"ఆ... నేను చెప్పిన్నని మాత్రం రాయకుండ్రి."