రోవెనా ఇటాలియన్ పాటలు

అల్బేనియాలో, దుర్రెస్ ఓడరేవుకి ఎదురుగా మూడో అంతస్తులో ఒక ఇల్లు. పొద్దున్న. స్నానాలగదిలో గడియ వేసుకుని గాయని రోవెనా. తలుపు బయట ఆమె అత్తగారు హతిజె.

"తియ్యి రోవెనా. నేనొక్కదాన్నే ఉన్నాను."

"అబద్ధం. మీ వెనకాల ఆయనున్నాడు."

"లేడు. కింద ఉన్నాడు."

"కారులోంచి పెట్రోలు తేడానికి దిగాడు. నన్నూ నా పాటల్నీ కలిపి తగలబెడతాడట. మీరు వినలేదా అత్తయ్యా?"

"విన్నాను. వీధి చివరిదాకా వినపడింది. నీ గొంతేంటి అలా ఉంది?"

"కాలేసి తొక్కాడు."

"గొంతు మీదా?"

"గొంతు మీదే. ఇప్పుడు ఏ భాషలో పాడతావో పాడు, అన్నాడు."

"మింగుడు పడుతోందా?"

"రక్తం మింగుతున్నాను. పన్నొకటి ఊడింది. ఇంకోటి ఊగుతోంది. మీరు వెళ్ళిపోండి అత్తయ్యా. మీ అబ్బాయి అస్త్రిత్ వచ్చేసరికి మీరిక్కడుంటే మిమ్మల్నీ వదలడు."

"నీ పాటల్లో ఏముందో వాడికెవరు చెప్పారు?"

"కాఫీ కొట్టు ఇలిర్. రేడియోలో నా పాట వస్తోందట. మీవాడు పెద్ద గొప్పగా, 'మా ఆవిడ, శబ్దం పెంచరా' అన్నాడట. ఆ ఇలిర్ పడీ పడీ నవ్వి, 'నీ పెళ్ళాం నిన్ను ఉతికి ఆరేస్తుంటే తాళం వేస్తున్నావేంట్రా' అన్నాడట. ఇంకేముంది. ఒక్కో మాటకీ అర్థం చెప్పించుకుని మరీ ఇంటికొచ్చాడు."

"ఏ పాట? ఆ బెల్టు పాటేనా?"

"అది బెల్టు పాటని మీకెలా తెలుసు?"

"ఎలాగోలా తెలుసు."

"లేదు, ఆగండి. అది సముద్రం మీద పాట అని కదా మీకు చెప్పాను."

"సముద్రం, వెన్నెల, ఎవడో పడవవాడు. చెప్పావు. నేనూ తలూపాను."

"మీకు ఇటాలియన్ వచ్చా?"

"ఇటలీలో, ఆ లెచ్చె ఊళ్ళో పక్షవాతం ముసలమ్మకి ఒళ్ళు కడిగీ కడిగీ నా నడుం పోయింది. ఆవిడ నన్ను ఏ భాషలో తిట్టిందనుకున్నావు?"

"ఉప్పు, మందు, చెంచా... అలాంటి మాటలే వచ్చనుకున్నాను."

"బెల్టుని ఏమంటారో కూడా వచ్చు."

"మరి ఇన్నాళ్ళూ ఆయనకి చెప్పలేదేం?"

"వాడడగలేదు. కొండల్లో మా అత్త దగ్గర పెరిగాడు వాడు. కరెంటే ఉండేది కాదు, ఇంక అందరిలా ఇటలీ టీవీ చూసి ఆ భాష ఎక్కడ నేర్చుకుంటాడు. పెళ్ళాం ఇటాలియన్‌లో మొదటి ఆల్బమ్ చేసిందని ఊరంతా తిరిగి చెప్పుకోడమే వాడికి తెలుసు."

"కారులో ఆ పాటే పెట్టేవాడు. స్టీరింగ్ మీద దరువేసేవాడు. నాతోపాటు పల్లవి కూడా అందుకునేవాడు. 'నా వీపు మీద నీ పేరు రాశావు' అని. నేను కిటికీ వైపు తిరిగి నవ్వుకునేదాన్ని."

"నవ్వొచ్చేదా నీకు?"

"వచ్చేది. వీపు మండుతున్నా వచ్చేది. అల్బేనియన్‌లో అయితే ఒక్క మాట పెగిలేది కాదత్తయ్యా. పెళ్ళిళ్ళలో పాడీ పాడీ, పెళ్ళికూతురు పువ్వు, పెళ్ళికొడుకు సింహం, అంతకుమించి నోరు తిరగదు. ఆ భాషలో నోరు తెరిస్తే ఎదురుగా మా నాన్న కూర్చుని ఉంటాడు. మీరుంటారు. ఇటాలియన్‌లో ఎవరూ లేరనుకున్నాను."

"నేనున్నానుగా."

"ఉన్నారని ఇప్పుడు తెలిసింది."

"ఆ చివరి పాటుంది చూడు. పక్క గదిలో టీవీ గట్టిగా పెట్టుకునే ఆవిడ. ఆవిడెవరు?"

"ఎవరూ కాదు. పాట కోసం రాశాను."

"ఎవరూ కాదా?"

"మీరే."

"ఊఁ."

"మీరే అత్తయ్యా. నేను అరిచినప్పుడల్లా శబ్దం పెంచేవారు. ఎంత గట్టిగా అరిస్తే అంత."

"నా మొగుడు నన్ను కొడుతుంటే మా అత్త కుర్చీ దగ్గరికి జరుపుకుని చూసేది. దానికంటే నేను మంచిదాన్నే అనుకునేదాన్ని. ఆ పాట విన్నరోజు పొయ్యి మీద కూర మాడి బొగ్గయింది. వాసన కూడా తెలియలేదు నాకు."

"ఇప్పుడా కోపం తీర్చుకుందామనా? తలుపు తీయించి ఆయన చేతికి అప్పగిద్దామనా?"

"బారీ ఓడ ఎన్నింటికి?"

"ఏంటి?"

"ఇటలీకి మీరిద్దరూ వెళ్ళాల్సిన ఓడ. ఆల్బమ్ విడుదలకి."

"తొమ్మిదికి."

"టిక్కెట్టు నీ దగ్గరుందా?"

"కోటు జేబులో ఉంది. ఎందుకు?"

"మొహం కడుక్కో. బయల్దేరు."

"ఎలా బయల్దేరను? ఉన్న దారి ఆ మెట్లొక్కటే. ఆయన ఎదురొస్తాడు."

"రాడు."

"డబ్బా తీసుకుని రావడానికి ఎంతసేపు? ఇంకా రాలేదేంటి అసలు?"

"వాడు రాడని చెప్తున్నాను కదా."

"మీరాపుతారా? ఏనాడైనా ఆపారా?"

"లేదు. ఏనాడూ ఆపలేదు. తియ్యమ్మా."

"కొట్టరు కదా?"

"కొట్టను."

"తీస్తున్నాను. వెనక్కి జరగండి. ఇంకా."

"జరిగాను. ఏదీ, ఇటు తిరుగు. దేవుడా. ఆ కన్ను తెరుచుకుంటుందా?"

"ఈ కంటితో కనపడుతోంది చాలు. అత్తయ్యా, మీ చేతులేంటి? గౌను నిండా రక్తం ఏంటి? మీ దగ్గర పెట్రోలు వాసనొస్తోంది."

"డబ్బా పట్టుకుని పైకొస్తుంటే మెట్ల మీదనుంచి తోసేశాను. తల ఒళ్ళో పెట్టుకుని చూశాను, ఊపిరి ఆడుతోంది. నువ్వు వాణ్ణి దాటుకుని వెళ్ళు, ఆగకు. ఓడ కదిలాక అంబులెన్సుకి నేనే ఫోన్ చేస్తాను."