వీపు మీద కుట్టిన మాట

హలో… ఆ, నేనే. మీ మరదల్నే. మిషన్ ఆపేశాను, చెప్పండి బావగారూ.

…

అబ్బ! ఫోన్ కాస్త దూరంగా పెట్టుకుని అరవండి. చెవి దిబ్బడేసింది.

…ఇప్పుడే విప్పారా గౌను? అంటే సన్మాన సభ నుంచి ఇంటిదాకా దాంతోనే వచ్చారా? అంత నచ్చిందా?

…అవును, నేనే కుట్టాను. వీపు మీద, ఈ భుజం నుంచి ఆ భుజానికి, జరీ దారంతో. ఆఖరి వరసవాళ్ళకి కూడా కనపడాలని అక్షరాలు కాస్త పెద్దవి వేశాను.

"కాకలోరమ్."

…పలకడం తప్పా? సరే, మీరే సరిగ్గా పలకండి, వింటాను. …ఏం, నోరు రావట్లేదా? ఇంగ్లీషు ప్రొఫెసరు కదా, ఎవరికీ తెలియని పాత మాటలంటే మీకు ప్రాణం కదా!

…ఆ, అర్థం తెలిసే కుట్టాను. గుప్పెడంత మనిషి, ఆకాశమంత డాబు. పుంజులా రొమ్ము విరుచుకు తిరిగే పొట్టివాడు. ఎక్కడైనా తప్పుంటే దిద్దండి.

…

వేదిక మీద నా చేతులతో నేనే తొడిగాను మరి. ముందే ఇస్తే మీరు చూసేసేవారు.

ముఖ్య అతిథి, మీ పాత శిష్యుడు, చదివి ముందు దగ్గాడు. తర్వాత పక్కాయన చెవిలో చెప్పాడు. అక్కణ్ణుంచి ఒక్కో వరసా నవ్వడం మొదలెట్టింది. మీరేమో అదంతా అభిమానం అనుకుని చేతులు జోడించి, అటు తిరిగి ఓ దండం, ఇటు తిరిగి ఓ దండం. తిరిగినప్పుడల్లా వీపు కనపడుతూనే ఉంది…

…లేదు. నేను నవ్వలేదు. కళ్ళారా చూస్తూ నిలబడ్డాను.

…

ఎందుకు చేశానా?

నా కొట్టుకి పేరెవరు పెట్టారు బావగారూ?

…చెప్పండి. …ఆ. మీరే. మొగుణ్ణి వదిలేసి వచ్చి, అక్క గొలుసు తాకట్టు పెడితే మిషన్ కొనుక్కుని, మీ దగ్గరికొచ్చి "బావగారూ, మీరు చదువుకున్నవాళ్ళు, మంచి ఇంగ్లీషు పేరు చెప్పండి" అనడిగాను. మీరు కళ్ళు మూసుకుని, ఏదో వరమిస్తున్నట్టు "స్లామర్కిన్" అన్నారు. పూర్వం దొరసానులు వేసుకునే వదులు గౌను అన్నారు. మీరే రిబ్బను కత్తిరించారు.

…నిజమే, ఆ అర్థమూ ఉంది. అది నాకు చెప్పారు. రెండోది మీ క్లబ్బువాళ్ళకి చెప్పుకున్నారు.

…నేనే చెప్పనా? శుచీ శుభ్రం లేని చింపిరి ఆడది. తిరుగుబోతు.

…

సరదాకా?

లైట్లు పెట్టించి మరీ రాయించాను బావగారూ ఆ పేరు. కుట్టిన ప్రతి జాకెట్టు మెడలోనూ ఆ పట్టీ నా చేత్తో వేశాను. పెళ్ళికూతుళ్ళ బట్టల్లో కూడా. మీరు వీధిలో పోతూ నలుగుర్ని ఆపి, నా బోర్డు చూపించి… నాకు చెయ్యూపేవారు. నేను లోపల్నుంచి నవ్వుతూ చెయ్యూపేదాన్ని.

…ఎవరో చెప్తేనే తెలిసింది. రేడియోలో వార్తలు చదివే ఆవిడ. కొలతలిస్తూ బోర్డు వైపు చూసింది. "ఈ పేరు మీరే పెట్టుకున్నారా?" అంది. ఆవిడ ముఖం చూడగానే నా చేతిలో టేపు జారిపోయింది. మర్నాడు ఆవిడే ఓ పాత ఇంగ్లీషు డిక్షనరీ తెచ్చిచ్చింది.

…క్షమాపణా? ఎవరు ఎవరికి? …పేపర్లో వెయ్యాలా? వేయిస్తాను. మీ ఫొటో కూడా పక్కనే వేయిస్తాను. వెనక నుంచి తీసింది.

…అక్కకా? ఇవ్వండి.

…

అక్కా… ఏడవకే. ముందు ఒకటి చెప్పు. నా బోర్డు సంగతి నీకు తెలుసా?

…నా మీద ఒట్టా? …సరే. సరేనే, నమ్మాను. ఇన్నాళ్ళూ ఆ ఒక్కటే నన్ను తినేస్తోంది.

…ఏంటీ? గట్టిగా చెప్పు. …వంటింట్లోకొచ్చావా? తలుపేశావా? ఎందుకే?

…మాల్కినా?

నిన్నా? ఎప్పట్నుంచి? …పెళ్ళైన కొత్త నుంచా! నేనెప్పుడూ వినలేదే. …ఓహో, మనవాళ్ళ ముందు పిలవడా. ఒట్టి క్లబ్బువాళ్ళ ముందేనా.

…ఏమని చెప్పాడు? పాత ఇంగ్లీషులో "ఇంటి మహారాణి" అనా.

…ఉండు. రేడియో ఆవిడిచ్చిన డిక్షనరీ ఇక్కడే ఉంది, తీస్తాను.

…

…

లేదక్కా. దొరకలేదు. పాత పుస్తకం కదా, అన్ని మాటలూ ఉండవు.

…నా గొంతేం మారలేదు.

…అక్కా, వదిలెయ్. ఈపాటికి ఆయనకి తగలాల్సింది తగిలింది. ఇంక నీ కాపురంలో…

…సరే. చెప్తాను. కూర్చో. స్టూలుంది కదా, కూర్చో ముందు.

పూర్వం రొట్టెలు కాల్చే పొయ్యిలుండేవి. అందులో బూడిద తుడవడానికి కర్రకి ఓ పాత గుడ్డ కట్టేవాళ్ళు. దాన్నంటారట.

…ఇంకోటి కూడా ఉంది. దిష్టిబొమ్మ.

…

అక్కా?

ఉన్నావా?

…అవును. పిలిచినప్పుడల్లా నువ్వు నవ్వి పలికుంటావు. నాకు తెలుసు. నేనూ అలాగే కదా చెయ్యూపాను.

…నేను రానే. ఆయన్ని ఇంకో మాట అనను. నా పగ నేను తీర్చేసుకున్నాను. ఇది నీది.

…భయమెందుకు? నా కొట్టు వెనక గది ఖాళీగానే ఉంది. బోర్డు కూడా పొద్దున్నే దింపించేశాను.

…తలుపు కొడుతోంది ఆయనేనా? ఏమని పిలుస్తున్నాడు? …మాల్కిన్ అనా? ఇప్పుడు కూడానా!

తియ్యి. తలుపు తియ్యి.

లేదు, ఫోన్ కట్ చెయ్యకు. గట్టు మీద పెట్టి మాట్లాడు. నాకు వినపడాలి.

…ఆ. ఇప్పుడడుగు.