అంచులు కోసిన చదరంగం పత్రికలు

రాజమండ్రిలో ఎక్కడ పోట్లాట జరిగినా ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పగలను. తొంభై ఏడులో ఓ బైండింగు షాపు అరుగు మీద కూర్చుని విన్నది ఇది. పాత చదరంగం పత్రికలు పోగేసే మాస్టారొకాయన, బైండు చేయించిన పుస్తకం తెరవగానే షాపాయన మీద విరుచుకుపడ్డారు.

"అంచులెందుకు కోశావయ్యా?"

"కొయ్యకపోతే ఎగుడుదిగుడుగా ఉంటాయండి. చూడండి, జున్నుముక్కలా ఎంత నున్నగా వచ్చిందో!"

"నీ నునుపు తగలెయ్య! పక్కన పెన్సిలు రాత కనబడలేదా?"

"కనబడిందండి. పిల్లలెవరో గీకేశారనుకుని, పనిగట్టుకుని లోపలికంటా కోశానండి."

"పిల్లలా! అది మా నాన్నగారి దస్తూరీ! ఏ ఆటలో ఏ ఎత్తు తప్పో రాసుకునేవారు. ఆయన పోయాక మావాళ్లు అమ్మేస్తే, పన్నెండేళ్లు వెతికి సామర్లకోటలో పాతపేపర్ల కొట్లో పట్టుకున్నాను!"

"ముందే చెప్పాల్సిందండి. ఇలాంటి పత్రికలు మళ్లీ..."

"పత్రికలు మద్రాసులో దొరుకుతాయి. ఆ రాత ఎవడిస్తాడు?"

ఇక్కడో లారీ హారను కొట్టింది. నాకు షాపు వైపున్న చెవి ఎటూ సరిగా వినబడదు, నాలుగు మాటలు పోయాయి.

"కోసిన ముక్కలేవి?"

"జిగురు ఉడకబెట్టడానికి పొద్దున్నే పొయ్యిలో పెట్టేశానండి."

"పొయ్యిలోనా!"

"ఉండండి, గుప్పెడు మిగిలాయి" అంటూ బల్ల కిందనుంచి తీసిచ్చాడు. మాస్టారు వాటిని కళ్లకద్దుకున్నారు.

ఆ గుప్పెడు నా కల్పన. పొయ్యిలో బూడిద తప్ప ఏమీ లేదు. మాస్టారు పుస్తకాన్ని షాపాయన ముందు గిరాటేసి వెళ్లిపోయారు. ఆయన అలా వట్టిచేతులతో పోతుంటే చూడలేక, ఓ గుప్పెడు నేనే మిగిల్చాను.