పన్నెండో ఉలి

నా పేరు తమరు ఈ వాంగ్మూలం పైన రాసుకున్నారు. వయసు యాభై రెండు. వృత్తి వడ్రంగం. ఏడో తరగతి తప్పాను. బాలనేరస్తుల గృహంలో ఆరేళ్లుగా వారానికి మూడు రోజులు కొయ్యపని నేర్పుతున్నాను. పిల్లలు నన్ను చిత్రిక మాస్టారంటారు.

పనిముట్లు గోడకు కొట్టిన చెక్క మీద వేలాడతాయి. ఒక్కోదాని వెనక దాని ఆకారం నల్లరంగుతో గీసి ఉంటుంది. ఉలులు పన్నెండు. సాయంత్రం నాలుగున్నరకు నేను లెక్కపెట్టి సంతకం చేస్తేనే పిల్లలు గది దాటాలి.

నాకు వేళాకోళం ఎక్కువ. పోయిన నెల ఒకడి చెప్పులు బల్లకు మేకులేసి బిగించాను. అక్కడ ఏది కనబడకపోయినా పిల్లలు ముందు నా జేబులే చూస్తారు.

మంగళవారం, మేం బక్కోడని పిలిచే కుర్రాడికి ఆఖరి క్లాసు. గురువారం విడుదల. వాళ్లక్క కోసం జారుడు మూత పెట్టె చేసుకున్నాడు. మూడున్నరకు వాడు గరుకు కాగితం తేవడానికి లేచినప్పుడు అరంగుళం ఉలి అందులో పెట్టి మూత వేశాను. లెక్క తగ్గిందని కాసేపు ఏడిపించి, "పెట్టె తియ్యరా దొంగ వెధవా" అని నవ్వించి పంపుదామనుకున్నాను.

నాలుగుంబావుకు కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. సూపరింటెండెంటుగారు వచ్చారని వార్డరు ముందే లెక్కపెట్టేశాడు. నేను లోపలికొచ్చేసరికి తొమ్మిది మంది గోడ పక్కన నిలబడ్డారు. తొమ్మిది మందీ నా జేబులే చూశారు.

"ఎవడ్రా తీసింది?" అన్నాడు వార్డరు.

బక్కోడు నవ్వాపుకుంటూ, "మాస్టారూ, మీరొకసారి లెక్కపెట్టండి" అన్నాడు.

సూపరింటెండెంటుగారు గుమ్మంలో ఉన్నారు. లెక్కపెట్టాను. "పదకొండు" అన్నాను.

వార్డరు పెట్టె మూత పెకలించబోతే, "విరగ్గొట్టకండి సార్, పక్కకి జరిపితే వస్తుంది" అని బక్కోడే చెప్పాడు. ఉలి దొరికింది. వార్డరు రెండు కొట్టాడు. బక్కోడు నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత చూడలేదు.

బుధవారం ఎందుకు చెప్పలేదని తమరు అడిగారు. బుధవారం నాకు క్లాసు లేదు. ఇంట్లో కుర్చీ కాలు బాగుచేశాను. చెబితే ఆ గదిలోకి మళ్లీ రానివ్వరని తెలుసు. రెండో కాలు కూడా బాగుచేశాను. అది అంతకుముందే బాగానే ఉంది.

ఈ రోజు పది గంటలకు గేటు బయట వాళ్లక్క ఖాళీ సంచితో నిలబడి ఉంది. "విడుదల ఆపేశారండీ, ఏదో దొంగతనం చేశాడట" అంది. తర్వాత, "మీరు చిత్రిక మాస్టారేనా? మీ వేషాలు చెప్పి మావాడు తెగ నవ్వుతాడు" అంది. నేరుగా లోపలికి, ఈ దొంగతనం విచారిస్తున్న తమ దగ్గరికొచ్చాను.

ఉలులు పన్నెండు. పన్నెండోది పెట్టెలో పెట్టింది నేను, వాడు కాదు. నన్నెవరూ బెదిరించలేదు. చదివి వినిపించారు, విన్నాను. ఇందులో కొట్టేయాల్సిన మాట ఒక్కటీ లేదు. ఇది త్వరగా సూపరింటెండెంటుగారికి పంపండి. వాళ్లక్క ఇంకా గేటు దగ్గరే ఉంది.

(సంతకం)
గురువారం, ఉదయం 11.20