లక్ష్మీరాజం చేని బలం

నయా పైసలు కొత్తగా వచ్చిన ఎండాకాలం. ఇచ్చోడలో నాగపూర్ సడక్ పక్కనున్న హోటల్లో చాయ్ ఎప్పటిలాగే నీళ్ళలా ఉండేది. పాలు ఎక్కడికి పోయేవో ఎవరూ అడగలేదు, ఆ సంగతి వదిలేద్దాం. ఆ పొద్దు లక్ష్మీరాజం అక్కడ ఒక పని మీద కూర్చున్నాడు. ఎదురుగా చాయ్ తాగుతున్న కాపరి అంతయ్య గొర్ల మంద కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. వానలకు ముందు అది ఒక్కరి చేనులోనే రాత్రుళ్ళు పండుకుంటుంది, పెంట ఎరువంతా ఆ చేనికే దక్కుతుంది. లక్ష్మీరాజం చేనులో జొన్న పండి చాలా ఏళ్ళయింది. "మంద లేకుంట ఇంటికి రాకు" అని భార్య ఐలవ్వ చెప్పి పంపింది. పక్క చేను పర్శరాములు కూడా ఆ మంద కోసమే వచ్చి, మూలకు కూర్చున్నాడు.

మంద పండుకున్నందుకు కాపరికి గింజలు కొలవాలి. చేను చచ్చిందంటే గింజలెక్కడివని అంతయ్య అనుకోడూ? అందుకని లక్ష్మీరాజం చిన్నగా మొదలుపెట్టాడు.

"అంతయ్యా, నాది పెంట విలువ తెలిసిన చేను. ఎన్కట ఒక్క రాత్రి మంద పండుకుంటే, గా ఏడాది కంకులు జర పెద్దయి వచ్చినయి."

"జర అంటే ఎంత?" అన్నాడు నేతపని చేసే కైలాసం. ఆ మాటే కొంప ముంచింది.

"కుండంత. గా కంకులు బుక్కిన పిట్టలు బలిసి, ఎగురరాక, సడక్ మీద నడుసుకుంట పోయినయి, లారీలు ఆగినయి. గటెన్క ఏమైందో ఎరుకేనా? గా పిట్టలను మింగిన జెర్రిపోతు తాటిమొద్దంత అయింది, దాన్ని తన్నుకపోయిన గద్ద ఎంత పెరిగిందంటే, దాని నీడల మేం ఎడ్లను కట్టేసినం, గద్ద జరిగితే ఎడ్లు సుత జరిగేటియి."

"మరి గద్ద ఏమైంది?" అన్నాడు కైలాసం.

"రెట్టేసింది. నిర్మల్ అడవిల. రెట్ట వడ్డ కాడ పొనికి చెట్టు లేసింది, దాన్ని కొట్టి బొమ్మలోళ్ళు పులిని చెక్కిన్రు, రంగు ఆరకముందే పులి ఆవలించింది, కట్టెల బలం గట్లుంది మరి. గా పులి ఆసిఫాబాద్ దాక ఉరికి, మల్ల వచ్చి యాడ సచ్చిందంటవ్? నా చేన్లనే. దాని బొక్కలు, మాంసం అన్ని నా మట్టిలనే కలిసినయి. నా చేని బలం ఎన్ని నోళ్ళల్ల వడ్డా తరగది, ఎటు వోయినా తిరిగి నా గట్టు మీదికే వస్తది. ఇంకో నూరేండ్లు దానికి చిటికెడు ఎరువు అక్కర లేదు."

అంతయ్య గ్లాసు కింద పెట్టి, గొంగడి భుజాన వేసుకున్నాడు.

"మంచిగున్నది పటేలా. మరి నా గొర్లకు ఆడ పనేమున్నది? పర్శరాములూ, నీ చేను ఎట్లున్నది?"

"పిట్టలు సుత దిగుతలేవు" అన్నాడు పర్శరాములు. "గింజలు మాత్రం ముందే కొలుస్త."

"జర ఆగు అంతయ్యా" అన్నాడు లక్ష్మీరాజం. "పులిని తీసెయ్యి."

"గద్ద?"

"గద్దను సుత తీసెయ్యి."

"జెర్రిపోతు?"

"అది లేనే లేదనుకో."

"కంకులు?"

లక్ష్మీరాజం నోరు తెరిచాడు. ఐలవ్వ ముఖం కళ్ళ ముందు తిరిగింది. కానీ కైలాసం ఆయన వైపే చూస్తున్నాడు, హోటలంతా ఆయన వైపే చూస్తున్నది.

"కంకులు మాత్రం కుండంతనే" అన్నాడు.

మంద కదిలింది. పర్శరాములు చేనికి దారి లక్ష్మీరాజం గట్టు మీదుగానే. గొర్లు గట్టు పొడుగునా పెంట రాలుస్తూ పోయాయి. దుమ్ములో వెనక నడుస్తూ కైలాసం అన్నాడు:

"ఫికర్ జెయ్యకు అన్నా. ఎటు వోయినా నీ గట్టు మీదికే వస్తదన్నవ్ గదా. వచ్చింది. పోయి ఊడ్సుకో."

గట్టు చివర ఐలవ్వ గంపతో, చీపురుతో అప్పటికే నిలబడి ఉంది. ఏమీ అడగకుండా చీపురు ఆయన చేతికిచ్చింది.